మొరియాసుది అదృష్టమా, పనితనమా?

జపాన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ హజిమె మొరియాసు గురించి మీరు రెండు ప్రశ్నలు అడిగారు. జపాన్ ఇప్పుడు జర్మనీనీ, స్పెయిన్‌నీ, బ్రెజిల్‌నీ ఓడిస్తోందంటే అది కోచ్ గొప్పతనమా, లేక యూరప్ క్లబ్బుల్లో ఆడే కుర్రాళ్లు దండిగా దొరకడం వల్లనా అన్నది మొదటిది. ఆటగాడిగా అంత పేరు లేని మనిషి ఇంత పెద్ద కోచ్ ఎలా అయ్యాడన్నది రెండోది. నేను చాలా ఏళ్లుగా పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను, జపాన్ ప్రొఫెషనల్ లీగ్ అయిన జె లీగ్ కూడా శ్రద్ధగా చూస్తాను, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను. నా లెక్కలో ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే చోట ఉంది. ఆయన మైదానంలో ఏ పని చేసేవాడో తెలిస్తే, బెంచ్ మీద కూర్చుని ఏం చేస్తున్నాడో అర్థమవుతుంది.

మొరియాసు 1968 ఆగస్టులో షిజువొకా రాష్ట్రంలో పుట్టాడు, పెరిగింది మాత్రం నాగసాకిలో. హైస్కూల్ అయ్యాక 1987లో హిరోషిమాలోని మాజ్దా కంపెనీ జట్టులో చేరాడు. అప్పటికి జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ లేదు. మన దగ్గర రైల్వే టీమ్, పోలీస్ టీమ్ ఉన్నట్టే అక్కడ కార్ల కంపెనీలకీ, ఉక్కు కంపెనీలకీ జట్లుండేవి, ఆడేవాళ్లు అదే కంపెనీలో ఉద్యోగులు. ఆ ఏడాది హిరోషిమా జట్టులోకి తీసుకున్న కుర్రాళ్లలో మొరియాసుకి మాజ్దాలో ఉద్యోగం రాలేదు, దాని అనుబంధ రవాణా కంపెనీలో ఇచ్చారు. అంటే తీసుకున్నవాళ్లలో ఆఖరివాడు అన్నమాట. వేగం లేదు, ఎత్తు లేదు, డ్రిబ్లింగ్ అంతంతే. ఉన్నదల్లా ఒకటి: తన జట్టు మనిషి ముందుకు పరిగెత్తాడంటే వెనకాల ఖాళీ ఎక్కడ పడుతుందో అందరికంటే ముందు పసిగట్టి అక్కడికి వెళ్లి నిలబడడం.

ఆ రోజుల్లో హిరోషిమా కోచ్‌గా పనిచేసిన డచ్చాయన హాన్స్ ఓఫ్ట్ 1992లో జపాన్ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు, అవగానే మొరియాసుని పిలిచాడు. దేశంలో చాలామందికి ఆ పేరే తెలియదు. మే నెలలో అర్జెంటీనా మీద మొదటి మ్యాచ్ ఆడించాడు. రుయ్ రామోస్, కజుయొషి మియురా లాంటి స్టార్లు ముందు ఆడుతుంటే వాళ్ల వెనక తుడిచే పని ఈయనది. బంతి లాక్కోవడం, పక్కనున్న నేర్పరికి సింపుల్‌గా ఇచ్చేయడం, మళ్లీ తన చోటుకి రావడం. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అనే ఆ చోటు ఎంత ముఖ్యమో జపాన్ జనానికి తెలియజెప్పినవాళ్లలో మొరియాసు ఒకడు. అదే ఏడాది జపాన్ మొదటిసారి ఆసియా కప్ గెలిచింది, అదీ హిరోషిమాలోనే.

ఇక దోహా. ఇది తెలియకుండా మొరియాసు గురించి ఏం మాట్లాడినా సగమే.

1993 అక్టోబర్ 28. ప్రపంచ కప్‌కి ఆసియా నుంచి రెండు జట్లే వెళ్లే రోజులు. ఆరు జట్లు దోహాలో చేరి ఆఖరి రౌండ్ ఆడుతున్నాయి. జపాన్ అప్పటిదాకా ఒక్కసారి కూడా ప్రపంచ కప్‌కి వెళ్లలేదు. ఆ మే నెలలోనే జె లీగ్ మొదలై దేశమంతా ఫుట్‌బాల్ పిచ్చిలో ఉంది. చివరి మ్యాచ్ ఇరాక్‌తో, గెలిస్తే చాలు. మియురా ఐదో నిమిషంలో గోల్ కొట్టాడు, ఇరాక్ సమం చేసింది, నకయామా మళ్లీ ఆధిక్యం తెచ్చాడు. 2-1తో తొంభై నిమిషాలూ నిండాయి. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకుని ఆ కొద్దిసేపూ గడిపేస్తే అయిపోయేది, కానీ అలా గడపడం ఆ జట్టుకి అలవాటు లేదు, ముందుకెళ్లి బంతి పోగొట్టుకున్నారు. ఇరాక్‌కి కార్నర్ వచ్చింది. నేరుగా కొట్టకుండా పొట్టిగా ఇచ్చుకుని క్రాస్ వేశారు, జాఫర్ ఒమ్రాన్ తల తగిలించాడు, బంతి గోల్‌లోకి పోయింది. 2-2. దక్షిణ కొరియాతో పాయింట్లు సమానమైనా గోల్స్ తేడాలో జపాన్ ఇంటిముఖం పట్టింది. కొందరు ఆటగాళ్లు మైదానంలోనే కూలబడిపోయారు. అప్పుడు పాతికేళ్ల మొరియాసు ఆ మ్యాచ్‌లో ఆడుతున్నాడు, ఆ గోల్ పడ్డప్పుడు మైదానంలోనే ఉన్నాడు. జపాన్‌లో ఇప్పటికీ దాన్ని దోహా విషాదం అనే పిలుస్తారు.

మిగతా ఆట జీవితం గబగబా చెప్పేస్తాను. మాజ్దా జట్టే సాన్‌ఫ్రెచ్చె హిరోషిమాగా మారింది, 1994లో లీగ్ మొదటి దశ గెలిచింది. క్లబ్‌కి డబ్బు ఇబ్బందులొచ్చిన 1998లో ఏడాదిపాటు క్యోటో జట్టుకి లోన్ మీద, అంటే తాత్కాలికంగా ఆడడానికి వెళ్లొచ్చాడు. చివరి రెండేళ్లు వెగాల్టా సెందాయ్‌కి ఆడి 2003 సీజన్‌తో ఆపేశాడు. జాతీయ జట్టుకి 35 మ్యాచ్‌లు, ఒక గోల్. ప్రపంచ కప్ ఒక్కటీ లేదు.

ఆటగాడిగా ఆపేయగానే పెద్ద పదవి ఎవరూ ఇవ్వలేదు. కోచింగ్ లైసెన్సులు ఒక్కొక్కటీ పాసయ్యాడు, యువ జట్లకి అసిస్టెంట్‌గా చేశాడు, హిరోషిమాలో సెర్బియా కోచ్ మిహైలో పెట్రోవిచ్ దగ్గర పనిచేశాడు, తర్వాత రెండేళ్లు అల్బిరెక్స్ నీగాటాలో అసిస్టెంట్. ఎనిమిదేళ్లు ఇంకొకళ్ల కిందే. పెట్రోవిచ్ దగ్గర గడిపిన కాలమే ఆయనకి అసలు బడి అని నా నమ్మకం. పెట్రోవిచ్ 3-4-2-1 ఆడించేవాడు, అంటే వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, వాళ్ల ముందు ఇద్దరు, కొసన ఒకడు, గోల్‌కీపర్ దగ్గర్నుంచే పాస్‌లు కట్టుకుంటూ వచ్చేవాళ్లు, చూడ్డానికి ఎంతో బాగుండేది, కానీ వెనక తలుపు తెరిచే ఉండేది. 2011 తర్వాత ఆయన ఉరావా రెడ్స్‌కి వెళ్లిపోయాడు. 2012లో హిరోషిమా కుర్చీ మొరియాసుకి వచ్చింది.

ఇక్కడ చాలామంది కొత్త కోచ్‌లు ఏం చేస్తారో మీకూ తెలుసు, పాతాయన ముద్ర చెరిపేసి తన ముద్ర వేయాలని చూస్తారు. మొరియాసు ఆ పని చెయ్యలేదు. ఆ 3-4-2-1ని అలాగే ఉంచి, బంతి పోగానే ఐదుగురు వెనక వరసలోకి చేరాలన్న క్రమశిక్షణ నేర్పాడు. మొదటి ఏడాదే లీగ్ గెలిచారు, హిరోషిమాకి జె లీగ్‌లో అదే మొదటి టైటిల్. ముప్పై ఏళ్లున్న స్ట్రైకర్ హిసాతో సాతో 22 గోల్స్ కొట్టి లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2013లో చివరి రోజు కషిమా మీద 2-0తో గెలిచి, పైనున్న యొకొహామా ఓడడంతో మళ్లీ ఛాంపియన్లు. 2015లో మూడోసారి. నాలుగేళ్లలో మూడు లీగ్ టైటిళ్లు, అదీ తమ మంచి ఆటగాళ్లని ఉరావా లాంటి డబ్బున్న క్లబ్ ఒక్కొక్కరిగా పట్టుకుపోతుంటే. డిఫెండర్ మొరివాకీ వెళ్లిపోయాడు, గోల్‌కీపర్ నిషికావా వెళ్లిపోయాడు. పోయినవాడి చోట ఇంకొకణ్ణి తయారుచేసుకుంటూ గెలిచాడు. అదే 2015 డిసెంబర్‌లో క్లబ్ ప్రపంచ కప్‌లో మూడో స్థానం కూడా తెచ్చాడు. మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు ఇదే అనుకుంటాను. యూరప్ స్టార్లు ఒక్కరూ చేతిలో లేని రోజుల్లో సాధించినవి ఇవి.

అన్నీ బాగానే జరిగాయని కాదు. 2017 సగానికి హిరోషిమా కింది నుంచి రెండో స్థానంలో ఉంది. జులైలో ఆయనే తప్పుకున్నాడు. ఆ అక్టోబర్‌లో టోక్యో ఒలింపిక్స్ జట్టు బాధ్యత ఇచ్చారు. 2018 ఏప్రిల్‌లో జాతీయ జట్టు కోచ్ హలిల్‌హోజిచ్‌ని ప్రపంచ కప్‌కి రెండు నెలల ముందు తీసేసి అకిరా నిషినోని పెట్టినప్పుడు మొరియాసు అసిస్టెంట్‌గా రష్యా వెళ్లాడు. రొస్తోవ్‌లో బెల్జియం మీద 2-0తో ముందుండి, 2-2 అయి, చివరి క్షణాల్లో తమ కార్నర్ కిక్ మీదే ఎదురుదాడి తిని 3-2తో ఓడిన మ్యాచ్ అది. ఆటగాడిగా చివరి నిమిషంలో ఒకసారి, అసిస్టెంట్‌గా చివరి నిమిషంలో ఇంకోసారి. ఆ జులైలోనే పూర్తి కోచ్ అయ్యాడు. జె లీగ్‌లో ఆడిన జపనీయుల్లో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి.

తర్వాత మూడేళ్లూ పెద్దగా మెరుపుల్లేవు. 2019 ఆసియా కప్ ఫైనల్లో ఖతార్ చేతిలో 3-1 ఓటమి, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2021 సెప్టెంబర్ నుంచి పరిస్థితి మరీ దిగజారింది. ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో సొంతగడ్డ మీద ఒమన్ చేతిలో 1-0, అక్టోబర్‌లో సౌదీలో 1-0. మూడు మ్యాచ్‌ల్లో రెండు ఓటములు. తీసేయండి అని దేశమంతా ఒకటే గోల. తర్వాతి మ్యాచ్ సైతామాలో ఆస్ట్రేలియాతో, ఓడితే ఉద్యోగం ఊడడం ఖాయం. జాతీయగీతం వస్తుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరగడం టీవీలో అందరూ చూశారు. అలాంటి టెన్షన్‌లో ఎక్కువమంది కోచ్‌లు అలవాటైన సీనియర్లనే పట్టుకుని కూర్చుంటారు. ఈయన మూడేళ్లుగా ఆడిస్తున్న, వెనక నలుగురుండే 4-2-3-1 పక్కనపెట్టి, మధ్యలో ముగ్గుర్ని పెట్టి, అప్పటిదాకా క్వాలిఫయర్స్‌లో పెద్దగా ఆడని ఆవొ తనాకాని మొదటి పదకొండులోకి తెచ్చాడు. ఎనిమిదో నిమిషంలో గోల్ కొట్టింది ఆ తనాకానే. 2-1తో గెలిచారు. ఆ తర్వాత వరసగా గెలుస్తూ 2022 మార్చిలో సిడ్నీలో మితోమా చివర్లో కొట్టిన రెండు గోల్స్‌తో ప్రపంచ కప్‌కి వెళ్లారు. ఆయన మొండివాడనీ, ఏదీ మార్చడనీ చాలామంది అంటారు కానీ, మార్చాల్సిన క్షణం వస్తే పూర్తిగా మార్చేస్తాడు.

ఆ ప్రపంచ కప్ జరిగింది ఎక్కడో తెలుసు కదా, ఖతార్‌లో. మళ్లీ దోహాకే వెళ్లాడు.

నవంబర్ 23, ఖలీఫా స్టేడియం, జర్మనీ. మొదటి సగం ఒకసారి చూడండి, బంతి దొరకడమే గగనం, పెనాల్టీతో 1-0 వెనకబడ్డారు, రెండు మూడు పడనందుకు సంతోషించాలి. హాఫ్ టైమ్‌లో కుబోని తీసి డిఫెండర్ తొమియాసుని దించాడు. గోల్ వెనకబడి ఉండి డిఫెండర్‌ని దించుతాడేంటని చూసేవాళ్లకి అనిపిస్తుంది. కానీ అది వెనక ముగ్గురి వరస, అంటే హిరోషిమాలో ఆయన పెరిగిన పద్ధతి. అంచుల్లోంచి దాడి చేసే జర్మనీ వింగర్లకి అప్పటిదాకా దొరికిన ఖాళీ పోయింది. 57వ నిమిషంలో మితోమా, అసానోలని దించాడు. 71లో దోన్. 75లో మినామినో. చూడండి, వెనక పునాది గట్టి చేసుకుని, పైన ఒక్కొక్క దాడి మనిషినీ చేరుస్తూ పోయాడు, చివరికి అంచుల్లో ముందుకీ వెనక్కీ తిరిగే వింగ్‌బ్యాక్ చోట్లలో కూడా దాడి చేసేవాళ్లే ఉన్నారు. మితోమా ఇచ్చాడు, మినామినో కొట్టాడు, జర్మనీ గోల్‌కీపర్ నోయర్ తోసేశాడు, దోన్ లోపలికి కొట్టాడు. ఆ గోల్‌లో చెయ్యి ఉన్న ముగ్గురూ బెంచ్ నుంచి వచ్చినవాళ్లే. 83లో ఇతాకురా ఎత్తి వేసిన బంతిని అసానో ఒక్క టచ్‌తో దించుకుని దగ్గరి కోణంలోంచి గోల్ వల పైభాగంలోకి కొట్టాడు. ఆ అసానో 2015లో హిరోషిమా లీగ్ గెలిచినప్పుడు మొరియాసు పెంచిన కుర్రాడు. ఆ సీజన్లో క్లబ్బుల్లో పెద్దగా ఆడట్లేదు, గాయం నుంచి అప్పుడే తేరుకున్నాడు, వీణ్ణెందుకు ఎంపిక చేశావని కోచ్‌ని తిట్టినవాళ్లు బోలెడు మంది.

తర్వాత కోస్టారికా మీద ఐదుగుర్ని మార్చి ఆడి 1-0తో ఓడారు, అది ఆయన తప్పే, మొదటి సగం మొత్తం వృథా చేశాడు. స్పెయిన్ మీద మళ్లీ అదే హాఫ్ టైమ్ మంత్రం, మితోమా, దోన్ దిగారు, 48లో దోన్ గోల్, 51లో తనాకా గోల్, 2-1. బంతి 18 శాతం కూడా వీళ్ల దగ్గర లేదు, గెలిచింది వీళ్లు. ఆ మ్యాచ్ తర్వాత మొరియాసు అన్న మాట నాకు బాగా గుర్తు. చివరి నిమిషం దగ్గర తనకి పాత దోహా గుర్తొచ్చిందట, అదే క్షణంలో తన కుర్రాళ్లు వెనక్కి ముడుచుకోకుండా బంతి లాక్కోవడానికి ముందుకెళ్తుంటే కాలం మారిందనిపించిందట. ముప్పై ఏళ్లు ఒక గోల్‌ని మనసులో మోసిన మనిషి మాట అది.

క్రొయేషియాతో 1-1 అయి పెనాల్టీల్లో పోయింది. ఎవరు కొడతారో ఆటగాళ్లనే ముందుకు రమ్మన్నాడు, కాసేపు ఎవరూ కదలకపోతే మినామినో వచ్చాడు, నలుగురిలో ముగ్గురు కొట్టలేకపోయారు. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. 120 నిమిషాలు పరిగెత్తిన కుర్రాడి మీద ఆ నిర్ణయం కూడా పెట్టకూడదు, లిస్ట్ ముందే కోచ్ జేబులో ఉండాలి. ఆటగాళ్లని నమ్మడం ఆయన బలం, ఆ రాత్రి మాత్రం అదే దెబ్బ కొట్టింది.

ప్రపంచ కప్ అయ్యాక కూడా జపాన్ కోచ్‌గా కొనసాగింది ఆయనొక్కడే, అంతకు ముందు ఎవరికీ ఆ అవకాశం ఇవ్వలేదు. 2023 సెప్టెంబర్‌లో వోల్ఫ్స్‌బర్గ్‌లో జర్మనీని 4-1తో ఓడిస్తే మర్నాడే జర్మనీ కోచ్ హాన్సీ ఫ్లిక్ ఉద్యోగం పోయింది. ఆ ఊపులో 2024 మొదట్లో ఆసియా కప్‌కి వెళ్లి ఇరాక్ చేతిలో ఓడి, క్వార్టర్స్‌లో ఇరాన్ చేతిలో చివరి నిమిషం పెనాల్టీతో ఇంటికొచ్చారు. ఇరాన్ వాళ్లు పొడుగు బంతులతో ఇతాకురాని గంటసేపు వేధిస్తుంటే వెనక మూడో మనిషిని దించలేదు, జర్మనీ మీద చేసిందే ఇక్కడ చెయ్యలేదు. మార్పులు సరిగ్గా చెయ్యలేకపోయానని ఆయనే ఒప్పుకున్నాడు.

ఒప్పుకోవడమే కాదు, ఆ జూన్ నుంచి 3-4-2-1ని మొదటి నిమిషం నుంచే ఆడించడం మొదలుపెట్టాడు, వింగ్‌బ్యాక్‌లుగా మితోమా, దోన్ లాంటి అసలైన వింగర్లని పెట్టి. సిరియా మీద 5-0, చైనా మీద 7-0, సౌదీ వెళ్లి 2-0. 2025 మార్చి 20న బహ్రెయిన్‌ని ఓడించి, ఆతిథ్య దేశాలు కాకుండా 2026 ప్రపంచ కప్‌కి అర్హత సాధించిన మొదటి జట్టయింది. ఆ అక్టోబర్‌లో టోక్యోలో బ్రెజిల్ మీద హాఫ్ టైమ్‌కి 2-0 వెనకబడి, మినామినో, కెయితో నకామురా, ఉఎదా గోల్స్‌తో 3-2. బ్రెజిల్ మీద జపాన్‌కి అదే మొదటి గెలుపు.

సరే, అదృష్టం సంగతి. యూరప్‌లో ఆడే ఆటగాళ్లు 2018 నాటికంటే ఇప్పుడు చాలా ఎక్కువ, నిజమే. ఆ సంపద ఆయన సృష్టించింది కాదు. ముప్పై ఏళ్లుగా జె లీగ్ క్లబ్బుల అకాడెమీలూ, స్కూళ్లూ, యూనివర్సిటీలూ పెంచిన పంట, మితోమా అయితే యూనివర్సిటీలో డిగ్రీ చదివి వచ్చాడు. కానీ వారానికోసారి పెద్ద స్టేడియాల్లో ఆడి, నాలుగు దేశాల భాషలు మాట్లాడే పాతికమంది వచ్చినప్పుడు వాళ్లకి ఏం నేర్పగలం? తనకంటే పెద్ద స్థాయిలో వాళ్లు రోజూ ఆడుతున్నారని మొరియాసుకి తెలుసు. అందుకే ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం అసిస్టెంట్లకి అప్పగిస్తాడు, ఆటగాళ్లు తమ క్లబ్బుల్లో నేర్చుకున్నది చెబితే వింటాడు, తను పక్కన నిలబడి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. కొందరికి ఇది బలహీనతలా కనిపిస్తుంది. నాకు మాత్రం మధ్యలో నిలబడి రామోస్ వెనకాల ఖాళీ కాసిన కుర్రాడే కనిపిస్తాడు.

రెండో ప్రశ్నకి మన దగ్గరి మనిషినే చెబుతాను. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. వృత్తిరీత్యా టీచర్, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని దేశంలో మేటిగా నిలబెట్టాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి తెచ్చాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఆ స్వర్ణం దారిలో గ్రూప్ మ్యాచ్‌లో జపాన్‌ని 2-0తో ఓడించాం. రహీమ్ సాబ్ మరుసటి ఏడాది చనిపోయారు, ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతిని పట్టుకుని కోచ్‌లని తయారుచేసే ఏర్పాటు మనం చేసుకోలేదు. జపాన్ వాళ్లు అప్పటికే జర్మనీ నుంచి దెత్‌మార్ క్రామర్‌ని పిలిపించుకుని, కోచ్‌ల శిక్షణ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఒక స్టార్ కాని మొరియాసుకి వరసగా లైసెన్సులూ, అసిస్టెంట్ ఉద్యోగాలూ, పెట్రోవిచ్ లాంటి గురువూ దొరికాయంటే ఆ వ్యవస్థ ఉండబట్టే. ఆటగాడిగా ఎంత పెద్దవాడివి అని అక్కడెవరూ అడగలేదు, ఎనిమిదేళ్లు కింద పనిచేశావా అని చూశారు.

మీరు కోచింగ్ వైపు ఆసక్తి ఉందన్నారు కాబట్టి, ఆయన్ని అర్థం చేసుకోవాలంటే గోల్స్ వీడియోలు వద్దు, మూడు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి. ముందు 2021 సైతామా ఆస్ట్రేలియా మ్యాచ్, మధ్యలో ముగ్గురు ఎలా కదులుతున్నారో చూస్తూ. తర్వాత 2024 ఇరాన్ మ్యాచ్ రెండో సగం, ఎప్పుడు ఎవర్ని మార్చాల్సిందో మీరే కాగితం మీద రాసుకుంటూ. ఆఖర్న 2022 జర్మనీ మ్యాచ్, 46వ నిమిషం నుంచి బంతిని వదిలేసి తొమియాసు ఎక్కడ నిలబడ్డాడో, నగతోమో ఎంత పైకి జరిగాడో మాత్రమే గమనించండి. ఇరాన్ మ్యాచ్‌కి మీరు రాసుకున్న మార్పులు ఇక్కడ కామెంట్‌లో పెడితే మాట్లాడుకుందాం.